ముక్కుదారిలో మెదడు ఆపరేషన్... యాంటీబయోటిక్ ఎన్ని రోజులు?

తల గొరగక్కర్లేదు. పుర్రె కోయక్కర్లేదు. బయటికి ఒక్క కుట్టు కూడా కనిపించదు. పెన్సిలంత లావు కూడా లేని గొట్టాన్ని ముక్కులోంచి పంపి, మెదడు అడుగున పెరిగిన కణితిని తీసేస్తున్నారు వైద్యులు. వింటే ముక్కుమీద వేలేసుకుంటాం. ఆ వెంటనే ఓ అనుమానం... ముక్కంటేనే క్రిముల పుట్ట కదా, అవన్నీ మెదడులోకి వెళ్లిపోవూ? ఆ భయంతోనే 'డాక్టరుగారూ, మంచి యాంటీబయోటిక్ ఇంకో పదిరోజులకి రాయండి' అని అడుగుతుంటారు ఇంట్లోవాళ్లు. భయం న్యాయమైనదే. అడిగే మందే సరైనది కాదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ దారి సంగతి తెలియాలి.

గడప దాటితే మెదడే!

రెండు కనుబొమల మధ్య నుంచి లోపలికి ఓ గీత గీసుకుంటూ వెళ్లామనుకోండి... ముక్కు కుహరం వెనకాల, తలకు దాదాపు నడిమధ్యన ఓ చిన్న గాలిగది ఉంటుంది. దాని పేరు స్ఫినాయిడ్ సైనస్. ఆ గది పైకప్పు మీద, ఎముకతో చేసిన చిన్న గిన్నెలాంటి పల్లంలో కూర్చుని ఉంటుంది పిట్యూటరీ గ్రంథి. చూడటానికి శనగ గింజంత. బరువు అరగ్రాము అటూఇటూ. పెత్తనం మాత్రం ఒళ్లంతా. ఎదుగుదల, థైరాయిడ్, నెలసరి, తల్లిపాలు, ఒత్తిడిని తట్టుకునే శక్తి... అన్నింటికీ ఆదేశాలు అక్కణ్నుంచే.

దానికి కణితి వస్తే చిక్కే. పైన కంటి నరాలు, రెండు పక్కలా మెదడుకు రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద ధమనులు. కణితి పెరిగి కంటి నరాలను నొక్కితే పక్కనుంచి వచ్చే మనిషి కనిపించడు. కొందరికి చెప్పుల సైజు పెరుగుతుంది, వేలి ఉంగరం బిగుసుకుంటుంది. కొందరికి పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు పుట్టరు. ఇలాంటి కణితుల్లో కొన్ని మాత్రలతోనే లొంగుతాయి. చాలావాటికి ఆపరేషన్ కావాలి. పైనుంచి వెళ్లాలంటే పుర్రె తెరిచి, మెదడును పక్కకు జరపాలి. కిందనుంచి వెళ్తే? ముక్కు, గాలిగది, పల్చటి ఎముక... అంతే. మెదడును ముట్టుకోనక్కర్లేదు.

అందుకే ముక్కు-చెవి-గొంతు నిపుణుడు, న్యూరోసర్జన్ కలిసి ఈ ఆపరేషన్ చేస్తారు. ఒకరు కెమెరా పట్టుకుంటే మరొకరు పనిముట్లు పట్టుకుంటారు. నాలుగు మిల్లీమీటర్ల ఎండోస్కోప్ చివరనుంచి వచ్చే బొమ్మ ఎదురుగా టీవీ తెరమీద కనిపిస్తుంటుంది. పిట్యూటరీ ఒక్కటే కాదు, పుర్రె అడుగుభాగంలో పెరిగే ఇంకొన్ని రకాల గడ్డల్ని కూడా ఇప్పుడు ఈ దారినే తీస్తున్నారు.

ముక్కులోంచి ఆపరేషన్ అన్న మాట మన ఇళ్లలో ఎక్కువగా వినిపించింది 2021లో. కొవిడ్ వెనకే బ్లాక్ ఫంగస్ వచ్చి, హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దానికి ప్రత్యేక కేంద్రంగా మారిన రోజులవి. అప్పుడూ ఎండోస్కోప్‌తోనే ముక్కులోంచి వెళ్లి ఫంగస్ తినేసిన భాగాన్ని తొలగించారు. అక్కడ జబ్బే ఇన్ఫెక్షన్. దానికి వాడింది ఫంగస్ మందు. మనం చెప్పుకుంటున్న ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ లేదు, అది రాకుండా చూసుకోవాలి. రెండింటికీ దారి ఒకటే, లెక్క మాత్రం వేరు.

కొత్తదారి కాదు, నూరేళ్ల పాతదే

ముక్కు పక్కనుంచి పిట్యూటరీని చేరుకోవచ్చని మొదట చేసి చూపించినవాడు హెర్మన్ ష్లోఫర్. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో, 1907లో. మూడేళ్లకు వియన్నాలో ఆస్కార్ హిర్ష్ అనే ముక్కు వైద్యుడు నేరుగా ముక్కు రంధ్రంలోంచే వెళ్లాడు. అమెరికాలో హార్వీ కుషింగ్ పైపెదవి కింద కోసి ముక్కు మధ్యగోడ పక్కనుంచి వెళ్లే పద్ధతి పట్టుకున్నాడు. 1910 నుంచి 1925 వరకూ ఆయన ఈ దారిన చేసిన ఆపరేషన్లు 231. చనిపోయినవాళ్లు నూటికి ఆరుగురి లోపే.

ఆ అంకెను కాస్త ఆగి చూడాలి. ఎందుకంటే అప్పటికి పెన్సిలిన్ లేదు. దాన్ని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గుర్తించింది 1928లో. జనానికి అందింది 1940ల్లో. మెదడుపొరలకు చీము పడితే వైద్యుడి చేతిలో దాదాపు ఏమీ లేని కాలమది. మెదడు ద్రవంలోకి చేరుతుందన్న ఆశతో యూరోట్రోపిన్ అనే మందు ఇచ్చి చూసేవారు. ఆ రోజుల్లో కూడా ముక్కుదారిన వెళ్లినవాళ్లలో ఎక్కువమంది బతికి ఇంటికెళ్లారు. అంటే కాపాడేది యాంటీబయోటిక్ ఒక్కటే కాదన్నమాట.

చివరికి కుషింగే ఈ దారి వదిలేసి పుర్రె తెరిచే పద్ధతికి మళ్లాడు. లోపల వెలుతురు చాలక ఇబ్బంది. ఆయన దగ్గర నేర్చుకున్న నార్మన్ డాట్ ఎడిన్‌బరోలో దీన్ని వదల్లేదు. డాట్ నుంచి పారిస్‌లోని జెరార్డ్ గియో నేర్చుకున్నాడు. గియో శిష్యుడు జూల్స్ హార్డీ 1960ల్లో మాంట్రియల్‌లో సూక్ష్మదర్శిని పెట్టి చేశాడు. ఈలోగా బ్రిటన్ శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ గాజుకడ్డీల కటకాలు కనిపెట్టాడు. సన్నటి గొట్టంలోంచి కూడా స్పష్టమైన బొమ్మ వచ్చింది. 1990ల్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో హే-డాంగ్ జో, రికార్డో కరావ్ పూర్తిగా ఎండోస్కోప్‌తోనే పిట్యూటరీ ఆపరేషన్లు చేసి చూపించారు. అక్కణ్నుంచి ఈ పద్ధతి దేశదేశాలకూ పాకింది.

పుట్టలో చేయి పెట్టినట్టేనా?

ఆపరేషన్ అంటే క్రిముల్లేని చోట చేయాలి. కడుపుకో, కాలికో అయితే చర్మాన్ని మందుతో తుడిచి, శుభ్రమైన గుడ్డలు కప్పి మొదలుపెడతారు. ముక్కు లోపలిని అలా తుడవడం కుదిరే పని కాదు. ఎంత కడిగినా బ్యాక్టీరియా అక్కడే కాపురం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరి ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి ఉంటుంది. గాయాలకు చీము పట్టించడంలో పేరుమోసింది అదే. మరి అలాంటి చోటునుంచి మెదడు పొరదాకా వెళ్లొస్తే ఎంతమందికి ఇన్ఫెక్షన్ రావాలి?

సగంమందికి వచ్చినా ఆశ్చర్యం లేదనిపిస్తుంది. జరిగేది వేరు.

పిట్స్‌బర్గ్ వైద్యులే తాము చేసిన వెయ్యి ఎండోస్కోపిక్ ఆపరేషన్ల లెక్క తీసి 2011లో ప్రచురించారు. అందులో పిట్యూటరీ కణితులతో పాటు చాలా క్లిష్టమైనవీ ఉన్నాయి. మెదడుపొరల వాపుగానీ, మెదడులో చీముగడ్డగానీ వచ్చింది 18 మందికి. అంటే నూటికి ఇద్దరికి కూడా కాదు. అంతకుముందు 2007లో న్యూయార్క్ వైద్యులు 90 మంది రోగుల అనుభవం చెప్పారు. యాంటీబయోటిక్‌ను ఆపరేషన్ సమయానికీ, ఆపైన ఒకటి రెండు రోజులకే పరిమితం చేశారు. ఒక్కరికి కూడా మెదడు ఇన్ఫెక్షన్ రాలేదు.

ఎలా సాధ్యం? ముక్కు మనం అనుకున్నంత నిస్సహాయంగా ఉండదు. లోపలి పొరకు రక్తం పుష్కలం. రక్తం బాగా అందే చోట గాయం త్వరగా మానుతుంది. ఆ పొరమీద కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. అది చీమిడిని నిరంతరం గొంతువైపు తోసేస్తూ ఉంటుంది. చిక్కిన దుమ్మూ, క్రిములూ దాంతోపాటే పొట్టలోకి పోయి చస్తాయి. పైగా ఆ చీమిడిలోనే క్రిముల్ని చంపే పదార్థాలుంటాయి. ముక్కులో క్రిములుండటం వేరు, అవి ఒకచోట నిలిచి కాపు కాయడం వేరు. పారే నీళ్లలో నాచు పట్టదు కదా!

అలాగని ధీమా పడటానికీ లేదు. ఆ ఇద్దరిలో మనవాళ్లు ఉంటే? మెదడుపొరల వాపు గంటల్లో ముదిరే జబ్బు. ప్రాణం దక్కినా వినికిడి, జ్ఞాపకశక్తి దెబ్బతినొచ్చు. అందుకే ఆ నూటికి ఇద్దర్నీ కూడా తగ్గించడం ఎలాగన్నదే వైద్యుల తపన. ఇక్కడే యాంటీబయోటిక్ రంగంలోకి వస్తుంది.

కత్తికి ముందు సూది

మత్తు ఇచ్చాక, కత్తి పెట్టక ముందు... ఆ గంటలోపు రక్తనాళంలోకి యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఇస్తారు. ఎక్కువచోట్ల అది సెఫజోలిన్, లేదంటే ఆ కుటుంబానిదే మరొకటి. పెన్సిలిన్ తరహా మందులు పడనివాళ్లకూ, ముక్కులో మొండి స్టెఫైలోకాకస్ ఉన్నవాళ్లకూ వేరే మందు ఎంచుకుంటారు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే సెఫజోలిన్ మరో డోసు. మొత్తం రక్షణలో బరువంతా ఈ డోసు మీదే.

ఎందుకంత తొందర? 1961లో బోస్టన్‌కు చెందిన జాన్ బర్క్ అనే సర్జన్ గినీపందులమీద ఓ ప్రయోగం చేశాడు. చర్మంలోకి స్టెఫైలోకాకస్ ఎక్కించి, యాంటీబయోటిక్‌ను వేర్వేరు సమయాల్లో ఇచ్చి చూశాడు. క్రిమి వచ్చేసరికే మందు కండలో సిద్ధంగా ఉంటే చీము పట్టలేదు. మూడు గంటలు ఆలస్యమైతే మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే!

మనుషుల్లోనూ అదే తేలింది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలోని ఓ ఆసుపత్రిలో రకరకాల ఆపరేషన్లు చేయించుకున్న 2,847 మందిని గమనించి 1992లో ఫలితాలు ప్రకటించారు. కోతకు ముందు రెండు గంటల్లోపు మందు అందినవాళ్లలో గాయానికి ఇన్ఫెక్షన్ సోకింది 0.6 శాతం మందికి. ఆపరేషన్ మొదలైన మూడు గంటల తర్వాత అందుకున్నవాళ్లలో 3.3 శాతం. మరీ ముందుగా ఇచ్చేసినవాళ్లలో 3.8 శాతం. మందు ఒకటే, సమయం మారితే ఫలితం అయిదారు రెట్లు మారిపోయింది.

దొంగ వచ్చేసరికి కాపలావాడు గుమ్మంలో ఉండాలి. ఇల్లు సర్దుకుని దొంగ వెళ్లాక వారంపాటు నలుగుర్ని కాపలా పెట్టినా ఏం లాభం? గాయం మూసేశాక రోజుల తరబడి ఇచ్చే యాంటీబయోటిక్ సరిగ్గా అలాంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఆపరేషన్ గాయాల ఇన్ఫెక్షన్లపై మార్గదర్శకాలిస్తూ ఈ మాటే చెప్పింది... నివారణ కోసం ఇచ్చే యాంటీబయోటిక్‌ను ఆపరేషన్ అయ్యాక పొడిగించొద్దని. పుర్రె అడుగుభాగం ఆపరేషన్ల విషయంలో వైద్యులు కాస్త అదనపు జాగ్రత్తతో 24 గంటలో, 48 గంటలో కొనసాగించడం మామూలే. ముక్కులో దూదిపట్టీ ఉన్నన్నాళ్లు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ వారాలకు వారాలు వాడితే ఎక్కువ రక్షణ అన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

'కోర్సు పూర్తిచేయాలి' కదా?

ఇంటిల్లిపాదికీ వచ్చే సందేహం ఇదే. 'యాంటీబయోటిక్ మొదలుపెడితే మధ్యలో ఆపకూడదని మీరే అంటారు. ఇప్పుడేమో ఒక్కరోజుతో సరిపెట్టారు. ఖర్చు తగ్గించడానికా? మరిచిపోయారా?'

రెండూ కాదు. యాంటీబయోటిక్ రెండు పనులకు వాడతారు. ఒకటి చికిత్స. అంటే ఇన్ఫెక్షన్ అప్పటికే ఉంది, క్రిములు లక్షల్లో పెరిగి కూర్చున్నాయి. వాటిని తుడిచిపెట్టడానికి వైద్యుడు చెప్పినన్ని రోజులూ వాడాలి. రెండోది నివారణ. ఇక్కడ ఇన్ఫెక్షన్ లేదు. తలుపు తెరిచి ఉన్న ఆ కొద్ది గంటల్లో క్రిమి నాటుకోకుండా చూడటమే పని. తలుపు మూయగానే పని పూర్తయినట్టే. ఆ ఒకటి రెండు డోసులే దాని కోర్సు. అది మధ్యలో ఆపడం కాదు, ముగించడం.

ఆపరేషన్ తర్వాత నిజంగానే ఇన్ఫెక్షన్ వస్తే లెక్క మారుతుంది. నడుము దగ్గర సూదితో ద్రవం తీసి పరీక్షిస్తారు. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూస్తారు. అప్పుడు పెద్ద డోసుల్లో రక్తనాళం ద్వారా రోజుల తరబడి ఇవ్వాల్సిందే. మెదడుచుట్టూ ఉండే ద్రవంలోకి అన్ని మందులూ సరిగా వెళ్లవు కాబట్టి అక్కడికి చేరగలిగినవే ఎంచుకుంటారు. నోటిమాత్రలతో అయ్యే పని కాదది.

అసలైన కాపలా... అడ్డుగోడ

పిట్స్‌బర్గ్ లెక్కలో ఇన్ఫెక్షన్ ఎవరికి ఎక్కువగా వచ్చిందో చూస్తే అసలు గుట్టు తెలుస్తుంది. ఆపరేషన్ బాగా క్లిష్టమైనవాళ్లు. అంతకుముందే పుర్రెకో ముక్కుకో ఆపరేషన్ అయినవాళ్లు. మెదడు ద్రవాన్ని బయటికి తీసే గొట్టం అమర్చినవాళ్లు. అన్నింటికన్నా ముఖ్యంగా... ఆపరేషన్ తర్వాత మెదడు ద్రవం ముక్కులోకి కారినవాళ్లు.

మెదడూ వెన్నుపామూ ఒక తేటనీటిలో తేలుతుంటాయి. ఏ సమయంలో చూసినా ఆ ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు అరలీటరు దాకా కొత్తగా ఊరుతుంది, అంతే పీల్చుకుపోతుంది. దానిచుట్టూ ఉన్న పొరకు చిల్లుపడి సరిగా మూసుకోకపోతే నీళ్లు ముక్కులోకి దిగుతాయి. నీళ్లు దిగే దారినే క్రిములు ఎక్కుతాయి. ఆ కన్నం ఉన్నంతకాలం ఎన్ని యాంటీబయోటిక్కులు మింగినా ముప్పు ఉన్నట్టే. కన్నం మూసేస్తే ముప్పు చాలావరకూ పోయినట్టే.

మొదట్లో దీన్ని మూయడమే కష్టమయ్యేది. తొడనుంచి తీసిన కొవ్వు, కండపై పొర, జిగురు... ఇలా అతికించేవారు. పెద్ద కన్నాలైతే అయిదింట ఒకటి మళ్లీ కారేది. 2006లో అర్జెంటీనాలోని రొజారియో నగర వైద్యులు హదాద్, బసగస్తెగీ ఒక చక్కటి ఉపాయం చెప్పారు. ముక్కు మధ్యగోడకు ఉండే పొరను, దాని రక్తనాళం తెగకుండా ఒలిచి, పక్కకు తిప్పి కన్నంమీద పరచడం. తెచ్చి అతికించిన ముక్క కాదది, రక్తం పారుతున్న సజీవమైన మాసిక. త్వరగా అతుక్కుంటుంది. దీంతో ద్రవం కారే కేసులు అనుభవమున్న చోట్ల అయిదు శాతం అటూఇటూకు దిగొచ్చాయి. మెదడు ఇన్ఫెక్షన్‌ను తగ్గించడంలో ఏ కొత్త యాంటీబయోటిక్కూ చేయని మేలు ఈ మాసిక చేసింది!

ఎక్కువైతే ఏం పోయింది?

'వాడితే పోయేదేముంది, ధైర్యం కోసం' అంటారు కొందరు. పోయేది చాలానే ఉంది.

మన పేగుల్లో మేలుచేసే బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. యాంటీబయోటిక్‌కు మంచీ చెడూ తెలియదు, దాన్నీ చంపేస్తుంది. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం డిఫిసీల్ అనే క్రిమి పెరిగితే నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. ఆపరేషన్ అయి నీరసంగా ఉన్న మనిషికి, పైగా షుగరున్న పెద్దవయసువాళ్లకు అది పెద్ద దెబ్బ. ఒంటిమీద దద్దుర్లు, కిడ్నీలకు ఇబ్బంది సరేసరి.

అంతకన్నా మోసం ఇంకోటుంది. రోజుల తరబడి మందు వాడితే ముక్కులో మెత్తటి క్రిములన్నీ చచ్చి మొండివి మిగులుతాయి. ఆ తర్వాత ద్రవం కారి ఇన్ఫెక్షన్ వచ్చిందంటే, అది మామూలు మందులకు లొంగని రకమై కూర్చుంటుంది. ధైర్యం కోసం వాడిన మందే ఆపదలో పనికిరాకుండా చేసిందన్నమాట.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది. ఇలాంటిదేదో ముంచుకొస్తుందని 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే ఫ్లెమింగ్ హెచ్చరించాడు. మన దేశంలోనూ 2014 నుంచి కొన్ని బలమైన యాంటీబయోటిక్కులను హెచ్1 జాబితాలో చేర్చి, ఎవరికి అమ్మారో దుకాణదారు రాసిపెట్టాలన్నారు. 2016లో మందు అట్టలమీద ఎర్రగీత చూసి జాగ్రత్తపడమంటూ ప్రచారం మొదలుపెట్టారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించిన అమెరికా పరిశోధనశాలలోనే ఆరియోమైసిన్ వెలుగుచూసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. అలాంటి మందులు ఒక్కొక్కటిగా మొద్దుబారిపోతుంటే నష్టం మనకే.

ఆపరేషన్‌కు ముందు...

ఇంట్లోవాళ్లు మందుల చీటీ పొడిగించమని అడిగే బదులు వేరే సంగతులు చూసుకుంటే నిజమైన మేలు జరుగుతుంది.

జలుబు, చీము సైనస్ ఉంటే దాచొద్దు. ఆపరేషన్ తేదీ వారం వెనక్కి జరిగినా సరే, ముందు అది తగ్గాలి. షుగరును అదుపులోకి తేవాలి. సిగరెట్ మానాలి. పొగ ముక్కులోని నూగును మొద్దుబార్చి గాయం మానకుండా చేస్తుంది. ఏ మందైనా పడకపోతే, గతంలో దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే పేరుతో సహా మత్తు డాక్టరుకు చెప్పాలి. ముక్కుకు ముందే ఆపరేషన్ అయిందా అన్నదీ చెప్పాలి. సజీవ మాసికకు కావాల్సిన పొర మిగిలి ఉందో లేదో వాళ్లు చూసుకుంటారు.

వైద్యుణ్ని మొహమాటం లేకుండా మూడు ప్రశ్నలు అడగొచ్చు. ఆపరేషన్‌కు ముందు యాంటీబయోటిక్ డోసు ఎప్పుడిస్తారు? కన్నం పడితే దేంతో మూస్తారు? ఇంటికెళ్లాక అర్ధరాత్రి అనుమానమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి? మూడోదాని జవాబు కాగితంమీద రాయించుకుని తలగడ పక్కన పెట్టుకోండి.

ఇంటికొచ్చాక...

బయటికి కుట్లు కనిపించవు కాబట్టి అంతా మానిపోయిందనుకుంటాం. లోపల మాసిక అతుక్కోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా లోపలి ఒత్తిడి పెరగకూడదు.

* ముక్కు చీదొద్దు. కారితే మెత్తగా తుడవండి, అంతే.
* తుమ్మొస్తే ఆపుకోవద్దు. నోరు తెరిచి తుమ్మండి.
* ముందుకు వంగి బకెట్లెత్తడం, బియ్యం బస్తా జరపడం, పసిపిల్లల్ని ఎత్తుకోవడం వద్దు. నేలమీదున్న వస్తువు కావాలంటే మోకాళ్లు వంచి కూర్చుని తీసుకోవాలి.
* మలబద్ధకం రానీయొద్దు. ముక్కడం కూడా ఒత్తిడే. పళ్లు, కూరలు, నీళ్లు, అవసరమైతే డాక్టరు రాసిన మందు.
* తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి.
* ముక్కులో ఉప్పునీళ్ల మందు ఎప్పుడు, ఎలా వాడాలో డాక్టరు చెప్పినట్టే. కుళాయి నీళ్లతో సొంతంగా కడగొద్దు. నూనెచుక్కలు, ఆవిరి, నస్యం లాంటివి వద్దేవద్దు.
* స్టెరాయిడ్ మాత్ర రాసిచ్చి ఉంటే ఒక్కపూట కూడా మానొద్దు. పిట్యూటరీ కోలుకునేదాకా ఒంటికి ఆధారం అదే.

ఆ చుక్క... తేలిగ్గా తీసుకోవద్దు

మొదటి కొన్ని రోజులు రక్తం కలిసిన చీమిడి రావడం మామూలే. కానీ తేటగా, నీళ్లలాగా, ఎక్కువగా ఒకవైపు నుంచే చుక్కలు రాలుతుంటే? ముందుకు వంగితే ధార పెరుగుతుంటే? గొంతులోకి ఉప్పగా దిగుతుంటే? అది జలుబు కాకపోవచ్చు. చీమిడి పడిన చేతిరుమాలు ఆరాక గట్టిపడుతుంది. మెదడు ద్రవం పడితే గట్టిపడదు. ఇది ఇంట్లో కనిపించే గుర్తు మాత్రమే. తేల్చేది ల్యాబ్‌లో చేసే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష. వీలైతే ఆ చుక్కల్ని శుభ్రమైన చిన్న సీసాలో పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జ్వరం, రోజురోజుకూ పెరిగే తలనొప్పి, మెడ వంచలేకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడటం, మగతగా పడి ఉండటం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. వాంతులూ నీరసమూ కూడా తేలిక కాదు. పిట్యూటరీ ఆపరేషన్ తర్వాత వారం రోజుల ప్రాంతంలో రక్తంలో సోడియం పడిపోయే అవకాశముంది. దానికీ తలనొప్పి, మగతే లక్షణాలు. విపరీతమైన దాహంతో గంటగంటకూ మూత్రానికి వెళ్తున్నా చెప్పాలి. ఏది ఏమిటో రక్తపరీక్ష చేస్తేగానీ తెలియదు.

ఇక అన్నింటికన్నా ప్రమాదకరమైన పని ఒకటుంది. జ్వరం రాగానే బీరువాలో మిగిలిన యాంటీబయోటిక్ మాత్రో, మందులషాపులో అడిగి తెచ్చిందో వేసేయడం! ఆ రెండు మాత్రలు మెదడుపొరల ఇన్ఫెక్షన్‌ను నయం చేయలేవు. కాస్త అణిచి ఉంచుతాయంతే. జ్వరం తగ్గినట్టుంటుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, లోపల జబ్బు ముదురుతుంటుంది. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లి నడుము నీరు తీస్తే, సగం చచ్చిన క్రిమి పరీక్షలో దొరకదు. ఏ క్రిమో తెలియనప్పుడు వైద్యుడు చీకట్లో గురి పెట్టాల్సిందే. దారిలో ఒక్క మాత్ర వేయకుండా తీసుకొచ్చిన రోగికి ఉన్న అవకాశం, వేసి తెచ్చిన రోగికి తగ్గిపోతుంది.

ఒకవేళ ద్రవం కారుతోందని తేలినా కంగారుపడక్కర్లేదు. చిన్నదైతే పడుకోబెట్టి, కొన్నిసార్లు నడుము దగ్గర సన్నటి గొట్టంతో ఒత్తిడి తగ్గిస్తే మూసుకుంటుంది. లేదంటే మళ్లీ అదే ముక్కుదారిన వెళ్లి మాసిక సరిచేస్తారు. ఎక్కువకాలం కారే అవకాశమున్నవాళ్లకు న్యుమోకోకస్ క్రిమికి టీకా కూడా వేయిస్తారు. ఎంత త్వరగా చెబితే అంత తేలిగ్గా తెమిలిపోతుంది.

కాబట్టి ఆసుపత్రినుంచి వచ్చేటప్పుడు మందుల సంచి చిన్నదిగా ఉందని బెంగపడకండి. యాంటీబయోటిక్ చేయాల్సిన పని, మీరు థియేటర్ బయట బల్లమీద కూర్చున్నప్పుడే చాలావరకూ చేసేసింది. మిగిలిన కాపలా మాత్రకు తెలియదు. ముక్కునుంచి రాలే చుక్కను గమనించే మీ కళ్లకు తెలుసు.